జర్మనీలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు వీసా: దరఖాస్తు ఎలా పెట్టాలి

జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లల్ని చూసి రావడానికి తల్లిదండ్రులకు కావాల్సింది షెంజెన్ (ఒకే వీసా మీద తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) షార్ట్ స్టే వీసా, స్టిక్కర్ మీద 'సి' అని ఉంటుంది. ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. ఇదే వీసా మీద ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ కూడా చూసి రావచ్చు, మొత్తం 29 దేశాలున్నాయి. లండన్‌లోనో డబ్లిన్‌లోనో చుట్టాలున్నారు కదా అటు కూడా వెళ్లొద్దాం అంటే మాత్రం కుదరదు, వాటికి వేరే వీసాలు తీసుకోవాల్సిందే. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి. ఫలానా దేశానికి అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతోంది, దాని మీద వెళ్లి జర్మనీలో ఉండండి అని ఎవరైనా చెబితే దయచేసి వినకండి.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టి తీరాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, అనుమానం వచ్చి ఇంకా కాగితాలు అడిగితే 45 రోజుల దాకా పోవచ్చు. ఎండాకాలం సెలవులకు అందరూ ఒకేసారి ఎగబడతారు కాబట్టి మే నెలలో వెళ్లాలనుకునేవాళ్లు సంక్రాంతి అయిన వెంటనే పని మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

ముందు కదలాల్సింది జర్మనీలో ఉన్న పిల్లలే. ఖర్చు వాళ్లదే అయితే ఫెర్‌ఫ్లిష్టుంగ్స్ఎర్‌క్లేరుంగ్ అనే హామీపత్రం తీసుకోవాలి, మనవాళ్లు ఆబ్లిగేషన్ లెటర్ అంటారు. ఇది తెల్లకాగితం మీద రాసే ఆహ్వాన లేఖ కాదు. వాళ్లుండే ఊళ్లోని విదేశీయుల ఆఫీసుకు, అంటే ఔస్‌లెండర్‌బెహోర్డెకు, వెళ్లి జీతం స్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం, రెసిడెన్స్ కార్డు చూపించి వాళ్ల ముందు సంతకం చేయాలి, ఫీజు 29 యూరోలు. కొన్ని ఊళ్లలో ఆ ఆఫీసు అపాయింట్‌మెంట్ కోసమే వారాలు ఆగాల్సి వస్తుంది, అందుకే అన్నిటికంటే ముందు ఈ పని. సంతకం చేసేటప్పుడు ఒక సంగతి గుర్తుండాలి: అమ్మానాన్నలకు అక్కడ అయ్యే ఖర్చుకు, ఇన్సూరెన్స్ ఇవ్వని ఆసుపత్రి బిల్లుకు కూడా చట్టప్రకారం మీదే బాధ్యత. ఒరిజినల్‌ను కొరియర్‌లో ఇంటికి పంపండి, స్కాన్ కాపీతో సరిపెట్టకండి. జీతం చాలక ఈ పత్రం రాకపోతే, లేదా మీరింకా చదువుకుంటుంటే, అమ్మానాన్నల సొంత డబ్బు, పెన్షన్ చూపించి కూడా అప్లై చేయవచ్చు.

ఫారం జర్మనీ వాళ్ల వీడెక్స్ సైట్‌లో నింపి, బార్‌కోడ్ పేజీలతో సహా ప్రింట్ తీసి సంతకం పెట్టాలి. ఇక్కడ మనవాళ్లకు పెద్ద తలనొప్పి పేర్లు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకులో చివర, పొలం పాస్‌బుక్‌లో అసలు ఇంకోలా. ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. మిగతా కాగితాల్లో తేడా మరీ ఎక్కువుంటే, ఇద్దరూ ఒకరే అని ఒక నోటరీ అఫిడవిట్ జత చేయడం మంచిది. పాస్‌పోర్టు గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. కొడుకు జీతం బాగుంది, హామీపత్రం ఉంది, ఇంకేం కావాలి అనుకుని చాలామంది తల్లిదండ్రుల సొంత కాగితాలు నామమాత్రంగా పెడతారు. వీసా ఇచ్చే జర్మన్ కాన్సులేట్ చూసేది ఖర్చెవరిది అన్నదొక్కటే కాదు, వీళ్లు తిరిగొస్తారా అన్నది. ఆ ప్రశ్నకు కొడుకు జీతం జవాబు కాదు, ఇక్కడి జీవితమే జవాబు. ఉద్యోగంలో ఉంటే సెలవు మంజూరు లెటర్, జీతం స్లిప్పులు. రిటైరైతే పెన్షన్ ఆర్డరు, పెన్షన్ పడుతున్న ఖాతా స్టేట్‌మెంట్. దుకాణం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఐటీ రిటర్నులు. రైతులకైతే వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు కాబట్టి రిటర్నులు ఉండకపోవచ్చు. అందులో భయపడాల్సింది లేదు, ఆ మాటే ఒక లెటర్‌లో రాసి, పట్టాదారు పాస్‌బుక్‌కు ఇంగ్లీషు అనువాదం చేయించి, పంట అమ్మిన డబ్బు బ్యాంకులో పడిన ఎంట్రీలు చూపించండి. ఇంట్లో ఇంకో బిడ్డ ఉన్నా, చూసుకోవాల్సిన నానమ్మ ఉన్నా అది కూడా రాయండి. బంధుత్వానికి పిల్లల బర్త్ సర్టిఫికెట్, వాళ్ల పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లున్న పేజీ పెట్టండి. అప్లై చేసే ముందు వారం ఎవరి దగ్గరో తెచ్చి ఖాతాలో నాలుగు లక్షలు వేయడం మేలు కంటే కీడే చేస్తుంది, ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే చెప్పడానికేమీ ఉండదు.

టికెట్లకు రిజర్వేషన్ చాలు, వీసా రాకముందే వెనక్కిరాని డబ్బు కట్టకండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ అంతటికీ, ఉండే రోజులన్నిటికీ ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు అన్నిటికన్నా చౌక పాలసీ చూసుకుని ఊరుకోవద్దు. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఇస్తుందా లేదా అని చదివి తీసుకోండి.

అపాయింట్‌మెంట్ వీఎఫ్ఎస్ గ్లోబల్ సైట్‌లో తీసుకోవాలి, హైదరాబాద్‌లో సెంటర్ ఉంది. అక్కడ కాగితాలు తీసుకుంటారు, వేలిముద్రలు వేయిస్తారు, వీసా ఇచ్చేదీ ఆపేదీ మాత్రం జర్మన్ కాన్సులేటే. కాబట్టి గ్యారంటీగా ఇప్పిస్తానని ఏ ఏజెంటు చెప్పినా అది అబద్ధమే. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, సర్వీస్ ఛార్జీ వేరే. వీసా రాకపోయినా ఫీజు తిరిగిరాదు. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల దాకా మళ్లీ వాడుకోవచ్చు.

పాస్‌పోర్టు చేతికి రాగానే స్టిక్కర్ చూడండి. ఫలానా తేదీ వరకు అన్నది ఒకటి, ఎన్ని రోజులు ఉండొచ్చు అన్నది ఇంకొకటి. 90 రోజులంటే మూడు నెలలు అనుకోకండి, దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మే 1న దిగితే 90వ రోజు జులై 29, జులై 31కి టికెట్ తీసుకుంటే రెండు రోజులు ఎక్కువైనట్టే, తర్వాతి వీసాకు అది అడ్డం పడుతుంది. అలా 90 రోజులూ ఒకేసారి వాడేసినవాళ్లు మళ్లీ అక్టోబరు 28 నుంచే అడుగుపెట్టగలరు. నియమాలు పాటిస్తే లాభం ఉంది: మూడేళ్లలో రెండు వీసాలు సరిగ్గా వాడుకున్న భారతీయులకు మామూలుగా రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా, అంటే ఎన్నిసార్లైనా వెళ్లిరాగలిగే వీసా, ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్ నుంచి ఉంది, దాని తర్వాత ఐదేళ్లది.

తిరస్కరిస్తే కారణం టిక్ పెట్టిన కాగితం ఇస్తారు. ఇదివరకు కాన్సులేట్‌కే అభ్యంతర లేఖ రాసుకునే వీలుండేది, 2025 జులై 1 నుంచి జర్మనీ దాన్ని తీసేసింది. ఇక మిగిలింది బెర్లిన్ కోర్టుకు వెళ్లడం, లేదా కొత్తగా అప్లై చేయడం. ఎక్కువమందికి రెండోదే నయం, కాకపోతే అవే కాగితాలు మళ్లీ పెడితే అదే జవాబు వస్తుంది, ఏ గడిలో టిక్ పడిందో చూసి ఆ లోటు పూడ్చి పెట్టండి.

వీసా ఉన్నా ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక ఇమిగ్రేషన్ వాళ్లు ప్రశ్నలు అడగొచ్చు. హామీపత్రం, ఇన్సూరెన్స్, రిటర్న్ టికెట్, పిల్లల అడ్రసు, ఫోన్ నంబరు పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టి పంపండి. ఇంగ్లీషు రాని అమ్మ ఒక్కతే వెళ్తుంటే ఎవరి దగ్గరికి, ఎన్ని రోజులకు, ఎప్పుడు తిరుగు ప్రయాణం అన్నది ఇంగ్లీషులో, జర్మన్‌లో ఒక కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టండి.