కొండదారిలో సైకిల్ – 4వ పాఠం: సగటు వాలు చేసే మోసం

ఈసారి దిగుడు గురించి, బ్రేకుల గురించి రాయాలనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠం చేసిన నష్టం ముందు సర్దాలి.

బయల్దేరిన చోటికే తిరిగొచ్చే 50 కిలోమీటర్ల చుట్టుదారి ఒకటి మ్యాపు మీద గీయమన్నాను. మొత్తం ఎక్కుడు 600 మీటర్లు దాటకూడదని, ఏ కొండా సగటున 4 శాతం మించకూడదని చెప్పాను. చాలామంది బుద్ధిగా గీశారు, బయల్దేరారు, సగం దారిలో సైకిల్ దిగి తోసుకుంటూ నడిచారు. "4 శాతం అన్నారు, అది గోడలా ఉంది" అని ఒకరు రాశారు. "నా సైకిల్ బాగాలేదేమో" అని ఇంకొకరు. సైకిల్‌లో లోపమేమీ లేదు. తప్పు నాది. సగటు చూడమన్నాను కానీ, సగటును నమ్మొద్దని చెప్పలేదు. ఎవరికైనా తెలిసే ఉంటుందనుకున్నాను.

ముందు చిన్న సంగతి. శాతం వేరు, డిగ్రీ వేరు. 10 శాతం వాలంటే 100 మీటర్లు ముందుకు వెళ్తే 10 మీటర్లు పైకి లేస్తాం. కోణంగా చూస్తే అది ఆరు డిగ్రీలు కూడా ఉండదు. 100 శాతం అంటే 45 డిగ్రీలు. "10 డిగ్రీల వాలు ఎక్కాను" అని రాసినవాళ్లు నిజంగా ఎక్కి ఉంటే వాళ్లకో దండం, అది 17 శాతం పైమాటే.

ఇక అసలు విషయం. ఒక కొండ ఉంది. పొడవు 6 కి.మీ., మొదలుకీ చివరకీ ఎత్తులో తేడా 240 మీటర్లు. భాగిస్తే 4 శాతం. గీసిన దారిలో ఇది నిక్షేపంగా కనిపిస్తుంది. లోపలికి వెళ్లి చూడండి. మొదటి 2 కి.మీ. దాదాపు చదును, 1 శాతం, 20 మీటర్లు ఎక్కాం. తర్వాత కిలోమీటరున్నర 9 శాతం, అంటే 135 మీటర్లు. ఆ తర్వాత కిలోమీటరు దిగుడు, 20 మీటర్లు కిందికి. చివరి కిలోమీటరున్నర 7 శాతం, 105 మీటర్లు. కూడికలూ తీసివేతా చేస్తే సరిగ్గా 240. ఈ 6 కిలోమీటర్లలో 4 శాతం వాలున్న చోటు ఒక్కటీ లేదు! మీరు ఎక్కింది కూడా 240 కాదు, 260. మధ్యలో దిగిన 20 మీటర్లను సగటు మన ఖాతాలోంచి మాయం చేసింది.

ఇంకా చిన్న కొండ చూద్దాం. ఒకే కిలోమీటరు, సగటు 6 శాతం, 60 మీటర్లు. అందులో 700 మీటర్లు 3 శాతమే, హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పోవచ్చు. మిగిలిన 300 మీటర్లు 13 శాతం. సైకిల్ దిగేది అక్కడే. పల్లెదారుల్లో ఈ రకమే ఎక్కువ. పెద్ద వాహనాల కోసం వేసిన రోడ్డు కొండ చుట్టూ తిరిగి వాలును సర్దుకుంటుంది. ఒకప్పటి కాలిబాట మీద తారు పోసిన రోడ్డు మాత్రం దగ్గరి దారి చూసుకుని నేరుగా పైకి పోతుంది.

పేరున్న కొండలకూ ఇదే జబ్బు. ఫ్రాన్సులో మాంట్ వాంతూని బెదువాన్ ఊరి వైపు నుంచి ఎక్కితే సుమారు 21 కి.మీ., 1,600 మీటర్లు, సగటు ఏడున్నర శాతం. కానీ మొదటి ఐదారు కిలోమీటర్లు చాలా సౌమ్యంగా ఉంటాయి. సెయింట్ ఎస్టెవ్ మలుపు తిరిగి అడవిలో పడ్డాక, దాదాపు 10 కి.మీ. పాటు 9 శాతం పైనే. ఏడున్నర అనుకుని మొదట్లో ఉత్సాహంగా తొక్కినవాళ్ల సంగతి ఆ అడవికి తెలుసు.

కాబట్టి సగటు అనే మాట మీ కాగితం మీద కనిపించకూడదు. ప్రతి ఎక్కుడినీ 500 మీటర్ల ముక్కలుగా కోయండి. ప్రతి ముక్కకీ మొదటి ఎత్తు, చివరి ఎత్తు రాసి తేడా తీయండి. ఏ ముక్క అయినా 7 శాతం దాటితే దాన్ని మళ్లీ 100 మీటర్ల ముక్కలు చేయండి. అంతకంటే చిన్నవి వద్దు. ఆన్‌లైన్ మ్యాపుల్లోని ఎత్తులు చాలాచోట్ల 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌకలోంచి రాడార్‌తో కొలిచినవి, సుమారు 30 మీటర్ల గళ్లలో ఉంటాయి. కొండ పక్కన తొలిచిన రోడ్డుకి ఒక గడి అటూ ఇటూ అయితే రోడ్డు ఎత్తు బదులు పైనున్న రాయి ఎత్తు వస్తుంది. "నా గ్రాఫులో ఒకచోట 38 శాతం చూపిస్తోంది" అన్నవారికి జవాబు: అది సొరంగం. మ్యాపు మిమ్మల్ని కొండ మీదుగా ఎక్కించి దింపింది. వంతెన దగ్గర ఇదే తలకిందులుగా జరుగుతుంది, లోయలోకి దింపి పైకి లేపుతుంది.

నాకైతే సమోన్నత రేఖలున్న (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) కాగితం మ్యాపే ఇష్టం. 1:50,000 మ్యాపులో ఒక మిల్లీమీటరు అంటే 50 మీటర్లు. రేఖకీ రేఖకీ 20 మీటర్ల ఎత్తు తేడా ఉన్న మ్యాపు అయితే, రోడ్డు వెంట 4 మి.మీ.కి ఒక రేఖ దాటుతుంటే 10 శాతం, 8 మి.మీ.కి ఒకటి దాటుతుంటే 5. స్కేలు కూడా అక్కర్లేదు, పెన్సిల్ చివర రెండు గాట్లు పెట్టుకుంటే చాలు. నదుల్ని కూడా ఒకసారి చూడండి. రోడ్డు నది వెంట పోతే సౌమ్యంగా ఎక్కుతుంది. వాగుల్ని ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా దాటుతూ పోతే, ప్రతి వాగుకీ దిగి ఎక్కాలి. 40 మీటర్ల లోతున్న వాగులు పన్నెండు దాటితే 480 మీటర్లు. చెప్పుకోవడానికి ఒక్క శిఖరమూ ఉండదు, కాళ్లు మాత్రం పోతాయి.

సమయం లెక్క క్లుప్తంగా. తెలిసిన కొండ ఒకటి మామూలు ఊపులో ఎక్కి, ఎక్కిన మీటర్లను పట్టిన నిమిషాలతో భాగించండి. 120 మీటర్లకు 14 నిమిషాలు పడితే నిమిషానికి ఎనిమిదిన్నర మీటర్లు, గంటకు 510 చిల్లర. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు నడకకు ఒక లెక్క ఇచ్చాడు. మూడు మైళ్లకు గంట, పైగా ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. 2,000 అడుగులంటే సుమారు 610 మీటర్లు. ఆ రెండో భాగం మామూలు సైకిలిస్టుకు కూడా దరిదాపుల్లోనే సరిపోవడం నాకు సరదాగా ఉంటుంది.

గేరు సంగతి కూడా ఇక్కడే. గొలుసు తిరిగే పళ్లచక్రాల్లో ముందుదానికి 34 పళ్లు, వెనకదానికి 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి సుమారు 2.1 మీటర్లు కదులుతారు. నిమిషానికి 60 చుట్లంటే 126 మీటర్లు. అదే ఊపు 9 శాతంలో కొనసాగాలంటే నిమిషానికి 11 మీటర్లు పైకి లేవాలి, 13 శాతంలో 16. నిమిషానికి ఎక్కే మీటర్ల లెక్కలో మీ అంకె ఎనిమిదిన్నర అయితే 9 శాతంలో 45 చుట్లతో నెమ్మదిగా లాక్కురావచ్చు. 13 శాతంలో 31 చుట్లకు పడిపోతారు. 300 మీటర్లయితే పళ్లు బిగపట్టి దాటేయొచ్చు, అదీ దమ్ము మిగిలి ఉంటే. అందుకే నిటారు ముక్కలు దారి మొదటి సగంలో వచ్చేలా గీస్తాను.

చుట్టుదారి ఎటు తిరగాలనేది చాలామంది అడిగారు. నా మాట: నిటారు వైపు ఎక్కండి, సౌమ్యమైన వైపు దిగండి. దీనికి ఒప్పుకోని స్నేహితులు నాకు చాలామందే ఉన్నారు. కానీ ఎక్కలేకపోతే దిగి నడవొచ్చు, పోయేది పరువే. ఇరుకు రోడ్డు మీద 13 శాతం దిగుతుంటే, మలుపులో ఇసుకో, రోడ్డు మధ్యలో పడుకున్న పశువో ఎదురైతే ఆగడానికి చోటుండదు.

అభ్యాసం. కొత్త దారి గీయొద్దు. నడిపించిన ఆ పాత దారినే మళ్లీ తీయండి. అందులో ప్రతి ఎక్కుడినీ పైన చెప్పినట్టు ముక్కలు చేసి, వాలు చేత్తో లెక్కగట్టండి, యాప్ వద్దు. గంటన్నర పడుతుంది, తెలుసు. తర్వాత అదే దారిని తిరగేసి, రెండో వైపు నుంచి కూడా ముక్కలు చేయండి. చివరగా, ఎక్కడ దిగి నడిచారో జ్ఞాపకం మీద గుర్తు పెట్టండి, ఆ ముక్క పక్కన వాలు ఎంతుందో చూడండి. రెండుచోట్ల దిగి ఉంటే రెండూ రాయండి. ఆ అంకెల్లో చిన్నది ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకోండి, వచ్చే పాఠంలో దిగుడుకి కూడా అదే కావాలి.