గల్ఫ్ ఇంగ్లిష్ – 7వ పాఠం: ‘ఇన్షా అల్లా’

పోయిన పాఠంలో ‘విల్’తో వాక్యాలు రాశాం. గల్ఫ్‌లో ఆ వాక్యాల చివర తరచూ ‘ఇన్షా అల్లా’ వినిపిస్తుంది. ధర్మాబాద్ మిర్చి బజార్‌లో, దెగ్లూర్ బస్టాండ్‌లో రోజూ వినే మాటే కదా, ఇందులో నేర్చుకునేదేముంది అనకండి. ఆఫీసు ఇంగ్లిష్‌లో దీనికి కొన్ని పద్ధతులున్నాయి.

అరబీలో ఇవి మూడు పదాలు: ఇన్, షా, అల్లా. కలిపి ‘దేవుడు తలిస్తే’. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు ఈ మాట చేర్చమని ఖురాన్ 18వ అధ్యాయం 23, 24 వాక్యాల్లో ఉంది. అందుకే ఇది జరగబోయే పనికే. ‘ఐ విల్ కమ్ టుమారో, ఇన్షా అల్లా’ సరైనది. ‘ఐ కేమ్ యెస్టర్‌డే, ఇన్షా అల్లా’ తప్పు. పని మంచిగ అయిపోతే ‘అల్‌హమ్దులిల్లా’ అంటారు. ఎవరి బిడ్డనో, కొత్త ఇల్లో మెచ్చుకోవాలంటే ‘మాషా అల్లా’.

స్పెల్లింగ్ సంగతి. ఇంగ్లిష్ నిఘంటువులు ఒకే పదంగా రాస్తాయి. ‘ఇన్’, ‘షా’ కలిపేస్తే అరబీలో ‘సృష్టించడం’ అనే వేరే అర్థం వస్తుందని, విడిగానే రాయాలని కొందరి పట్టు. మీ మేనేజర్ ఎలా రాస్తే అలా రాయండి, గొడవ ఉండదు.

అసలు టెన్షన్ వినేటప్పుడే. ‘విల్ ఐ గెట్ మై లీవ్ దిస్ వీక్?’ అని అడిగితే ‘ఇన్షా అల్లా’ అన్నారనుకోండి. అది గట్టి మాట కావచ్చు, మనవాళ్లు ‘చూద్దాం లే’ అన్నట్టు మర్యాదగా దాటేయడమూ కావచ్చు. అది విని టికెట్ బుక్ చేయకండి. నవ్వుతూనే ‘షల్ ఐ కమ్ ఆన్ థర్స్‌డే మార్నింగ్ ఫర్ ది పేపర్?’ అని రోజు చెప్పి అడగండి. జవాబులోనే సంగతి తెలిసిపోతుంది.

ముస్లిం కానివాళ్లు అనొచ్చా? అరబ్ క్రైస్తవులు కూడా అంటారు కాబట్టి అనొచ్చు. కానీ ప్రతి వాక్యానికీ తగిలిస్తే నటనలా ఉంటుంది. వెటకారం అసలే వద్దు. 2020 సెప్టెంబర్ 29న అమెరికా అధ్యక్ష ఎన్నికల డిబేట్‌లో, ట్రంప్ తన టాక్స్ కాగితాలు చూపిస్తానంటే బైడెన్ ‘వెన్? ఇన్షా అల్లా?’ అన్నాడు. ఆయనకు చెల్లింది, కొత్తగా చేరినవాడికి చెల్లదు.

అభ్యాసం: ఖాళీలో మూడు మాటల్లో ఏది వస్తుంది?
‘ది వర్క్ ఈజ్ ఫినిష్డ్, ____.’
‘యువర్ సన్ ఈజ్ సో టాల్, ____!’
‘వి విల్ స్టార్ట్ ఆన్ మండే, ____.’
జవాబులు 8వ పాఠంలో.