ఆకుపై నీలి నలుపు రంగు ఎందుకు రావడం లేదు? (నా అనుభవం)

ఏడో తరగతి పిల్లలతో చేసే పిండిపదార్థం పరీక్షలో పిండి ఉన్న ఆకు అయోడిన్ వేశాక నీలి నలుపుగా మారాలి, నాకు మాత్రం గోధుమ రంగులోనే ఉండిపోయేది. కొత్త అయోడిన్, ఎక్కువ చుక్కలు, నీళ్లలో ఎక్కువసేపు ఉడికించడం: మూడూ వృథా.

మొదటి లోపం సమయంలో ఉంది. ఆకు దాచుకున్న పిండిని రాత్రంతా వాడేసుకుంటుంది కాబట్టి, పొద్దున్నే కోస్తే ఫలితం ఉండదు. ఎండలో నాలుగైదు గంటలున్న లేత చిక్కుడు ఆకును మధ్యాహ్నం కోశాను. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచాక పొయ్యి ఆర్పేశాను. ఇది తప్పనిసరి, తర్వాత వాడే స్పిరిట్ ఆవిరి మంటకు ఇట్టే అంటుకుంటుంది.

అసలు మలుపు ఇక్కడే. ఆకును పరీక్షనాళికలో వేసి, మునిగేంత సర్జికల్ స్పిరిట్ పోసి, ఆ వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాను. పది నిమిషాలకు స్పిరిట్ పచ్చబడింది, ఆకు మాత్రం ఇంకా లేతపచ్చగానే ఉంది. ఇంతకుముందు అక్కడే ఆపేసేవాణ్ణి! ఈసారి స్పిరిట్ మార్చి, వేరే చోట కాచిన వేడినీళ్లు పోసి, ఆకు పాలిపోయేదాకా ఆగాను. పత్రహరితం మిగిలితే నీలం కనపడనివ్వదు.

స్పిరిట్‌లో ఆకు పెళుసవుతుంది, అందుకే గోరువెచ్చని నీళ్లలో ముంచి, తెల్ల పళ్లెంలో పరిచి, పలుచని టీ రంగుకు కలిపిన అయోడిన్ వేశాను. రెండు నిమిషాల్లో నల్లబడింది.

చిక్కుడుకు మూడుసార్లూ కుదిరింది. దళసరి, మైనపు పూత ఉన్న ఆకులకు ఇదే లెక్క సరిపోతుందని చెప్పలేను. ఉల్లికాడతో మాత్రం ప్రయత్నించకండి, దాని ఆకులు పిండిని నిల్వ చేయవు.