మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా: థియేటర్‌లో ఏం చేయాలి, కుటుంబానికి ఏం చెప్పాలి

మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అంటే కొన్ని మత్తుమందులు తగిలాక కండరాలు అదుపు తప్పి ప్రాణం మీదికి తెచ్చే వంశపారంపర్య జబ్బు. పేరులో వేడి ఉంది కదా అని జ్వరం కోసం చూస్తూ కూర్చుంటే చేయి దాటిపోతుంది. ఈ జబ్బులో ఒళ్లు కాలడం చాలాసార్లు వెనక వస్తుంది. ముందు పెరిగేది కార్బన్ డయాక్సైడ్. ఎందుకో తెలియాలంటే ఒకసారి కండర కణంలోకి తొంగిచూడాలి. అది అర్థమైతే మిగతా పనులు బట్టీ పట్టక్కర్లేదు.

కండరం సడలి ఉన్నప్పుడు కణద్రవంలో కాల్షియం చాలా తక్కువ, లీటరుకు 100 నానోమోల్ చుట్టుపక్కల. అసలు నిల్వ సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచిలో ఉంటుంది. అక్కడ దాని గాఢత వేల రెట్లు ఎక్కువ. నరం నుంచి వచ్చిన విద్యుత్ సంకేతం టీ-ట్యూబుల్స్ (కణం పొర నుంచి లోపలికి చొచ్చుకుపోయిన సన్నని గొట్టాలు) లోపలికి దిగి, అక్కడి వోల్టేజి సెన్సర్‌ని కదుపుతుంది. ఎదురుగా సంచి గోడలో ఉన్న రయనోడిన్ రిసెప్టర్ తెరుచుకుంటుంది. గుండె కండరంలో కాస్త కాల్షియం లోపలికొచ్చి ఈ తలుపు తట్టాలి. అస్థి కండరంలో అలా కాదు, ఒక ప్రొటీన్ రెండోదాన్ని నేరుగా కదిలిస్తుంది. బయటికొచ్చిన కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని కండరం ముడుచుకుంటుంది. తర్వాత సెర్కా పంపు ఒక్కో ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి అణువు) ఖర్చుపెట్టి రెండేసి కాల్షియం అయాన్లను మళ్లీ సంచిలోకి తోస్తుంది.

రయనోడిన్ రిసెప్టర్ జన్యువైన ఆర్‌వైఆర్1లో లోపం ఉంటే ఆ తలుపు గడియ వదులుగా ఉంటుంది. మామూలు రోజుల్లో పంపు ఎలాగో నెట్టుకొస్తుంది. పీల్చే మత్తుమందు తగిలితే తలుపు మూసుకోదు. కాల్షియం కారుతూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది, కండరం ముడుచుకునే ఉంటుంది. ఏటీపీ తయారీకి ఆక్సిజన్ విపరీతంగా ఖర్చవుతుంది. కార్బన్ డయాక్సైడ్, లాక్టిక్ ఆమ్లం, వేడి పుడతాయి. చివరికి ఏటీపీ అడుగంటి కణం పొర చిరిగితే పొటాషియం, సీకే అనే కండర ఎంజైమ్, మయోగ్లోబిన్ అనే కండర ప్రొటీన్ రక్తంలోకి వస్తాయి. గుండె ఆగేది చాలావరకు ఆ పొటాషియం వల్లే.

ఏవి ప్రమాదం, ఏవి కావు

పీల్చే మత్తుమందులైన హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్, వీటితోపాటు కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్: ఇవి వద్దు. ప్రొపోఫాల్, కెటమిన్, నైట్రస్ ఆక్సైడ్, ఓపియాయిడ్లు, మిడజోలామ్, రోక్యురోనియం, వెక్యురోనియం, లోకల్ అనస్థీటిక్స్ అన్నీ వాడొచ్చు. ఇదివరకు ఒకటి రెండుసార్లు మత్తు బాగానే పడిందన్న మాటను నమ్ముకోకండి. ఆ తర్వాతి సర్జరీలో జబ్బు బయటపడినవాళ్లు చాలామంది.

గుర్తుపట్టడం

వెంటిలేషన్ పెంచినా ఎండ్-టైడల్ (వదిలే శ్వాస చివర కొలిచే) కార్బన్ డయాక్సైడ్ ఎక్కుతూనే ఉందా, కారణం లేకుండా గుండె వేగం పెరిగిందా, సక్సినైల్‌కోలిన్ ఇచ్చాక దవడ బిగుసుకుపోయి నోరు తెరవడం కష్టమైందా? ఇవి తొలి సూచనలు. మెషీన్‌లో కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకునే సోడా లైమ్ డబ్బా ముట్టుకుంటే కాలుతుంది, రంగు త్వరగా మారుతుంది. మత్తు చాలకపోవడం, ట్యూబ్ మడతపడటం, ల్యాప్రోస్కోపీలో నింపిన గ్యాస్, సెప్సిస్, థైరాయిడ్ తుఫాను కూడా ఇలాగే కనిపించొచ్చు. వీటిని ఒక నిమిషంలో చూసేయండి, అక్కడే ఆగిపోకండి. కాల్షియం కారడాన్ని అడ్డుకునే మందు డాంట్రోలిన్. అనుమానం మీద దాన్ని ఇచ్చినందుకు జరిగే నష్టం కంటే ఆలస్యం చేసినందుకు జరిగే నష్టమే పెద్దది.

మొదటి పది నిమిషాలు

సాయం కోసం గట్టిగా పిలవండి, సర్జన్‌కి చెప్పండి. పీల్చే మత్తుమందును ఆవిరి చేసి పంపే వేపరైజర్ ఆపి, వీలైతే తీసి పక్కన పెట్టండి. నూరు శాతం ఆక్సిజన్ నిమిషానికి 10 లీటర్లకు పైగా వదిలి, వెంటిలేషన్ రెండు మూడు రెట్లు చేయండి. యాక్టివేటెడ్ చార్‌కోల్ ఫిల్టర్లుంటే శ్వాస వెళ్లే గొట్టానికి ఒకటి, వచ్చే గొట్టానికి ఒకటి పెట్టండి. ఇవి గంట సేపటికి నిండిపోవచ్చు, మార్చాలి. మెషీన్ మార్చే పని పెట్టుకోకండి, ఆ చేతులు డాంట్రోలిన్ కలపడానికి కావాలి. మత్తును ప్రొపోఫాల్ ఇన్ఫ్యూజన్‌తో కొనసాగించి, సర్జరీని వీలైనంత త్వరగా ముగించమనండి.

డాంట్రోలిన్ కలపడం

అందరూ తడబడేది ఇక్కడే, కాబట్టి ముందే లెక్క వేసుకోండి. మొదటి మోతాదు కిలోకు 2.5 మి.గ్రా. 70 కిలోల మనిషికి 175 మి.గ్రా. పాత రకం వయల్‌లో ఉండేది 20 మి.గ్రా. మాత్రమే, అంటే తొమ్మిది వయల్స్. ఒక్కోదానికి 60 మి.లీ. స్టెరైల్ వాటర్ చొప్పున తొమ్మిదింటికి 540 మి.లీ. ఇదంతా నిమిషాల్లో జరగాలి. ఒక్కరి వల్ల కాదు. ముగ్గురు నలుగురిని ఈ ఒక్క పనికే నిలబెట్టండి.

వయల్‌లో నారింజ రంగు పొడి ఉంటుంది. నీళ్లు ఎక్కించి, ముద్దలు కరిగి ద్రవం తేటపడేదాకా గట్టిగా కుదపండి. నీళ్లు కాస్త గోరువెచ్చగా ఉంటే త్వరగా కరుగుతుంది. సెలైన్‌తో గానీ గ్లూకోజ్‌తో గానీ కలపకూడదు, మందు విరిగి అడుగున పేరుకుంటుంది. ద్రవం పీహెచ్ 9.5 దాకా ఉంటుంది కనుక పెద్ద సిరలోకే ఎక్కించండి. సిర బయటికి జారితే అక్కడి కణజాలం చచ్చిపోతుంది. ప్రతి వయల్‌లో 3 గ్రాముల మానిటాల్ కూడా ఉంది. తొమ్మిది వయల్స్‌తో 27 గ్రాములు ఎలాగూ వెళ్లిపోయాయి, మూత్రం కోసం విడిగా మానిటాల్ రాసేవాళ్లు దీన్ని మరవొద్దు. కొత్త రకం వయల్‌లో 250 మి.గ్రా. ఉంటుంది, 5 మి.లీ. నీళ్లు చాలు.

కార్బన్ డయాక్సైడ్ దిగి, బిగువు సడలి, గుండె వేగం తగ్గేదాకా అదే మోతాదు మళ్లీ మళ్లీ ఇవ్వాలి. మొత్తం కిలోకు 10 మి.గ్రా. దాకా పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. 20 మి.గ్రా. వయల్స్ 36 నిల్వ ఉంచమనడం వెనక లెక్క ఇదే: 720 మి.గ్రా., 70 కిలోలకు పదేసి మిల్లీగ్రాములు.

పక్కనే జరగాల్సినవి

ధమని రక్తంలో గ్యాసులు, పొటాషియం చూడండి. పొటాషియం పెరిగి ఈసీజీ మారితే కాల్షియం క్లోరైడ్ కిలోకు 10 మి.గ్రా. ఇవ్వండి. పెద్దవాళ్లకు 50 శాతం గ్లూకోజ్ 50 మి.లీ.తో 10 యూనిట్ల ఇన్సులిన్. జబ్బే కాల్షియం వల్ల కదా, మళ్లీ కాల్షియం ఎక్కించడమేమిటని జంకేవాళ్లున్నారు. సిరలోకి ఇచ్చింది గుండెను కాపాడుతుంది, కండరంలో కారేది సంచిలో ముందునుంచీ ఉన్న నిల్వ. ఇవ్వకూడనివి వెరాపమిల్, డిల్టియాజెమ్. డాంట్రోలిన్‌తో కలిస్తే పొటాషియం ఇంకా పెరిగి గుండె ఆగిపోవచ్చు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటితే చల్లని సెలైన్, ఐస్ ప్యాక్‌లతో తగ్గించండి. 38కి దిగగానే ఆపేయండి, లేకపోతే అవతలి గట్టున పడతారు. మూత్రం గంటకు కిలోకు 1 మి.లీ.కి తగ్గకూడదు. రంగు కోలాలా ముదిరితే మయోగ్లోబిన్ వస్తోందని అర్థం.

సద్దుమణిగాక కూడా కనీసం 24 గంటలు ఐసీయూ తప్పదు. నలుగురైదుగురిలో ఒకరికి మళ్లీ తిరగబెడుతుంది. అందుకే డాంట్రోలిన్ కిలోకు 1 మి.గ్రా. చొప్పున నాలుగు నుంచి ఆరు గంటలకోసారి కొనసాగిస్తారు. దీనివల్ల కండరాలు నీరసిస్తాయి కాబట్టి ట్యూబ్ తీసే ముందు శ్వాస బలం చూసుకోండి.

కుటుంబానికి

1960లో మెల్‌బోర్న్‌లో డెన్‌బరో, లవెల్ అనే వైద్యులు లాన్సెట్‌లో రాసిన కేసు ఒకటుంది. కాలు విరిగి వచ్చిన యువకుడికి విరిగిన కాలి కంటే మత్తంటేనే ఎక్కువ భయం. అతని బంధువుల్లో పదిమంది మత్తు ఇచ్చాక చనిపోయారు. సర్జరీకి ముందు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది: "మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా ఆపరేషన్ బల్ల మీద చనిపోయారా, మత్తు తర్వాత ఒళ్లు కాలిపోయి ఐసీయూకి వెళ్లారా?"

లోపం తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు. ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగం అవకాశం. ముందు జబ్బు బయటపడిన మనిషికి జన్యు పరీక్ష చేయించండి: ఆర్‌వైఆర్1, వోల్టేజి సెన్సర్ జన్యువు సీఏసీఎన్‌ఏ1ఎస్, ఎస్‌టీఏసీ3. జబ్బు కలిగిస్తుందని నిర్ధారణైన మార్పు దొరికితే మిగతావాళ్లకు అదొక్కటే వెతికితే చాలు, దొరికినవాళ్లు ప్రమాదంలో ఉన్నట్టే. దొరకలేదంటే మాత్రం క్షేమమని కాదు, అదే కుటుంబంలో మరో మార్పు ఉండొచ్చు. అప్పుడు తొడ కండరం ముక్క తీసి చేసే కాంట్రాక్చర్ పరీక్ష కావాలి. యూరప్ పద్ధతిలో 2 మిల్లీమోలార్ లోపు కెఫీన్‌కి గానీ 2 శాతం లోపు హాలోథేన్‌కి గానీ ముక్క 2 మిల్లీన్యూటన్ల బలంతో ముడుచుకుంటే పాజిటివ్. ముక్క బతికుండగానే, తీసిన ఐదు గంటల్లోపు పరీక్ష ముగియాలి. కొరియర్‌లో పంపేది కాదు, మనిషే ఆ కేంద్రానికి వెళ్లాలి.

ఫలితం తేలేదాకా ఇంట్లో అందరినీ ప్రమాదం ఉన్నవాళ్లుగానే చూడండి. వాళ్లకు సర్జరీ చేయాల్సి వస్తే వేపరైజర్లు తీసి, సోడా లైమ్, గొట్టాలు మార్చి, మెషీన్‌ని ఎక్కువ ఫ్లోతో కడగాలి. కొన్ని మెషీన్లకు గంటకు పైనే పడుతుంది, తయారీదారు చెప్పిన సమయం చూసుకోండి. చార్‌కోల్ ఫిల్టర్లుంటే 10 లీటర్లకు పైగా ఫ్లోతో 90 సెకన్లు చాలు. ముందుజాగ్రత్తగా డాంట్రోలిన్ ఎక్కించక్కర్లేదు, చేతికి అందేచోట ఉంటే సరిపోతుంది.