కడుపు క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ప్రమాదాలు ఎలా తగ్గించుకోవాలి?

మా మేనమామది చిత్తూరు దగ్గర పల్లె. కడుపు క్యాన్సర్ అని తేలేనాటికి బెల్టుకు కొత్తగా మూడు రంధ్రాలు పొడిచి ఉన్నాయి, అయినా ఇంట్లో ఎవరమూ తూకం వేసి చూడలేదు. అందుకే అన్నిటికంటే ముందు ఆ మాటే చెప్తున్నాను.

మొదట బరువు చూడండి. ఆరు నెలల క్రితం 60 కిలోలున్న మనిషి ఇప్పుడు 53 ఉంటే పదో వంతుకు మించి తగ్గినట్టు. రక్త పరీక్షలో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) 3 గ్రాముల కంటే తక్కువ ఉన్నా లెక్క అదే, ఒంట్లో పోషణ బాగా తగ్గినట్టు. ఇలాంటి వాళ్ళకు కుట్లు మానడం కష్టం, ఇన్ఫెక్షన్లు ఎక్కువ. అవసరమైతే ఆపరేషన్ ఒకటి రెండు వారాలు వాయిదా వేసి అయినా పోషణ ఇస్తారు, దానికి కంగారు పడకండి. రాగి జావ మంచిదే కానీ అది ఒక్కటే చాలదు. గుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికిన పప్పు, డాక్టర్ రాసిన ప్రొటీన్ పొడి ఇలా కొంచెం కొంచెంగా రోజుకు ఆరేడు సార్లు పెట్టండి. తిన్నదంతా వాంతి అవుతుంటే మాత్రం ఇంటి చిట్కాలు వద్దు, కడుపు దారి మూసుకుపోయి ఉండొచ్చు. ముక్కులోంచి ట్యూబ్ వేస్తామంటే భయపడి వద్దనకండి.

బీడీ, సిగరెట్ ఇవాళే ఆపించండి. కనీసం నాలుగు వారాల ముందు ఆపితే ఊపిరితిత్తులకు, కుట్లకు బాగా మేలు. మద్యం కూడా అంతే. ఆపరేషన్‌కు ముందుగా కీమో (క్యాన్సర్‌ను తగ్గించే మందులు) ఇస్తున్నారంటే మీ చేతిలో కొన్ని వారాలున్నట్టే, వాటిని ఊరికే పోనివ్వకండి.

తరువాత ఊపిరి. ఊపిరి వ్యాయామానికి మూడు బంతుల పరికరం ఇస్తారు కదా, మామ రెండు రోజులు దాన్ని బూరలా ఊదాడు, బంతి కదల్లేదు. ఊదకూడదు, గాలి లోపలికి పీల్చాలి, బంతి పైకి లేచాక కాసేపు నిలపాలి. దాంతోపాటు రోజూ నడక. అలిపిరి దగ్గర 3,550 మెట్లెక్కి కొండకు పోయిన మనిషి ఇప్పుడు రెండంతస్తులకే ఆయాసపడుతున్నాడంటే ఆ సంగతి అనస్థీషియా డాక్టర్‌కు తప్పక చెప్పండి. గుండె, కిడ్నీ, ఆయాసం జబ్బులు, అదుపులో లేని షుగర్, రక్తహీనత, లావు ఇవన్నీ ప్రమాదాన్ని పెంచేవే. రక్తం పలచబడే మాత్రలు, ఊళ్ళో వేసుకున్న పసరు మందు ఏదీ దాచొద్దు, అలాగని మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

వయసును మనం మార్చలేం. కానీ సర్జన్‌ను నేరుగా అడగొచ్చు: కడుపు మొత్తం తీస్తారా, కొంతేనా? ప్లీహం, క్లోమం కూడా ముట్టుకోవాలా? ఇలాంటి ఆపరేషన్లు ఇక్కడ ఏడాదికి ఎన్ని చేస్తారు? మొత్తం తీసినప్పుడు, పక్క అవయవాలు కలిసినప్పుడు లీకేజీ (లోపల కుట్లు వేసిన చోట నుంచి కారడం) వంటి చిక్కులు ఎక్కువ, తరచూ చేసే చోట అవి తక్కువ. తిరుపతిలో స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర 2022లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్ళకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. రెండో అభిప్రాయం అడిగితే ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు.

ఆపరేషన్ అయ్యాక మంచం పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. జ్వరం, నాడి, డ్రెయిన్ సంచిలో (పొట్టలోంచి గొట్టం ద్వారా ద్రవం వచ్చి చేరే సంచి) ఎంత వచ్చింది, ఏ రంగు అనేది రాయండి. నాలుగో రోజు మామ సంచిలో అప్పటిదాకా పలచటి ఎరుపుగా వస్తున్నది ఆకుపచ్చగా మారింది, అత్త చూసి నర్సును పిలిచింది, ఆ సాయంత్రమే స్కాన్ తీశారు. లీకేజీ అని తొందరగా తెలియడం వల్లే దారి దొరికింది. నాడి ఊరికే వేగంగా కొట్టుకోవడం, కడుపు నొప్పి పెరగడం, ఊపిరి ఆడకపోవడం, ఒక పిక్క వాయడం, వీటిలో ఏది కనిపించినా డాక్టర్ రౌండ్స్‌కు వచ్చేదాకా ఆగొద్దు, వెంటనే పిలవండి. ఇంటికి వచ్చాక కూడా నెల రోజులు ఇదే జాగ్రత్త, వార్డు ఫోన్ నంబర్‌ను డిశ్చార్జి రోజే ఆ పుస్తకం అట్ట మీద రాసుకోండి.