రంగుటద్దాల్లాంటి క్యాండీ బొమ్మలు

పిల్లలతో క్యాండీ బొమ్మలు చేయించాలనుకునేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఒకటే: వేడి పని మీది, బొమ్మ పని వాళ్ళది. ఎరుపు పక్కన పసుపు పెట్టు, అది కాదు ఇది పెట్టు అని మనం మొదలుపెట్టామంటే పిల్లలు ట్రే వదిలేసి లేచిపోతారు. వాళ్ళ చేప ఊదారంగులో ఉంటే ఉండనివ్వండి.

నాకు ఎక్కువ ఇష్టమైనది రంగుటద్దాల పద్ధతి, అంటే రంగురంగుల క్యాండీ ముక్కల్ని అచ్చుల్లో పేర్చి ఒవెన్లో కరిగించడం. దీనికి చప్పరించే గట్టి క్యాండీలు కావాలి. వెలుతురుకు పట్టి చూస్తే అవతలివైపు కనిపించేంత తేటగా ఉన్నవే తీసుకోండి. పాలు, వెన్న కలిసిన టాఫీలు కరిగినా మసకగానే ఉంటాయి. తేట క్యాండీ నిజానికి ఒక రకం గాజే. పంచదార పాకాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, పలుకు కట్టకుండా చల్లారిస్తే అలా గట్టిపడుతుంది. పలుకు కట్టకుండా ఆపేందుకే అందులో గ్లూకోజ్ సిరప్ కలుపుతారు. పని మొదలుపెట్టే ముందు ఈ సంగతి పిల్లలకు చెప్పండి, ముక్కల్ని చూసే తీరే మారిపోతుంది.

రేపర్లు విప్పి, రంగుల వారీగా గిన్నెల్లో వేయడం పూర్తిగా పిల్లలకే వదిలేయండి. తర్వాత ఒక్కో రంగును మందపాటి కవర్లో వేసి, మీద తువ్వాలు కప్పి అప్పడాల కర్రతో కొట్టించండి. అందరికీ ఇదే పండగ! కానీ పొడి అయ్యేదాకా కొట్టనివ్వకండి. పొడిలో గాలి చిక్కుకుని బొమ్మంతా బుడగలు వస్తాయి. శనగగింజంత ముక్కలైతే చక్కగా కరుగుతాయి.

ట్రేలో బేకింగ్ పేపర్ పరవండి. మైనం పూత ఉన్న కాగితం వద్దు, ఒవెన్ వేడికి ఆ మైనం కరుగుతుంది. దాని మీద స్టీలు కుకీ కట్టర్లు (బిస్కెట్లను ఆకారాలుగా కోసే అచ్చులు) పెట్టి, లోపల కొద్దిగా నూనె రాసి, ముక్కల్ని ఒకే పొరగా పేర్చమనండి. ఎక్కడా ఖాళీ ఉండకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. పసుపు, నీలం కలిసినచోట ఆకుపచ్చ అంచు వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిస్తే మాత్రం మట్టిరంగే. ఇది ముందే చెప్పేయకండి, మొదటి బొమ్మలో వాళ్ళే కనిపెట్టాలి. కోసుగా ఉండే నక్షత్రాల కంటే గుండ్రటి ఆకారాలు మేలు. చల్లారిన క్యాండీ అంచులు గాజులాగే కోసుకుంటాయి.

ఇక్కడి నుంచి పిల్లలు దూరంగా నిలబడి చూడాలి. కరిగిన పంచదార చర్మానికి అతుక్కుంటుంది, మరిగే నీళ్ళకన్నా ఘోరంగా కాలుతుంది. ముందే 175 డిగ్రీలకు వేడెక్కిన ఒవెన్లో ట్రే పెట్టి, ఐదు నిమిషాల నుంచి కళ్ళు తిప్పకుండా చూడండి. సాధారణంగా ఎనిమిది నిమిషాల్లోపే అయిపోతుంది. ముక్కల మధ్య గీతలు మాయమవగానే తీసేయాలి. ఇంకాస్త ఉంచితే బుడగలొచ్చి, రంగు గోధుమకు తిరుగుతుంది. వేలాడదీయాలంటే, పాకం కాస్త బిగుసుకునేటప్పుడు నూనె రాసిన పుల్లతో మీరే రంధ్రం చేయండి. ఇరవై నిమిషాలు ఆగి, పూర్తిగా చల్లారాకే కట్టర్ తీయండి.

నాలుగేళ్ళలోపు పిల్లలకు ఈ పద్ధతి వద్దు. గట్టి క్యాండీ గొంతుకు అడ్డం పడుతుంది. స్పాంజిలా మెత్తగా ఉండే మార్ష్‌మాలోలూ అంతే ప్రమాదం. వాళ్ళ చేతికి ఒక మెత్తటి బిస్కెట్టు ఇచ్చి, ఐసింగ్ పూయించి, మీద రంగు పంచదార చల్లించండి. కప్పు మెత్తటి పంచదార పొడి, అంటే ఐసింగ్ షుగర్‌లో ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల పాలు కలిపితే సరిపోతుంది. మరీ జారుగా ఉంటే ఇంకాస్త షుగర్ వేయండి.

క్యాండీ బొమ్మలు గాలిలోని తేమను లాగి జిగురెక్కుతాయి. అందుకే ఒక్కోదాని మధ్య బేకింగ్ పేపర్ పెట్టి, గాలి చొరబడని డబ్బాలో దాచండి. ఫ్రిజ్ వద్దు, బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. విరిగిన ముక్కల్ని పారేయకండి, రంగుల వారీగా వేరుచేసి ఉంచితే తర్వాతి ట్రేలోకి పనికొస్తాయి.