చిన్న విమానంలో ఫ్యూయల్ ప్రెషర్ తగ్గితే ఏం చేయాలి? పంపు విప్పే ముందు చూడవలసినవి

ఇంజిను బాగానే తిరుగుతోంది, శబ్దంలో తేడా లేదు, గేజీ ముల్లు మాత్రం ఎర్రగీత దగ్గర వణుకుతోంది. ఇలాంటప్పుడు చాలామంది చేయి ముందు పంపు మీదికే పోతుంది. నాదీ పోయింది. ఒకసారి ఇద్దరం కలిసి పూటంతా శ్రమపడి కొత్త పంపు బిగించాం. ముల్లు అంగుళం కదలలేదు. సాయంత్రానికి తేలిందేమిటంటే, సెన్సర్ ఎర్త్ వైరు చివర తుప్పు పట్టింది. అప్పటినుంచి నాది ఒకటే వరస: మొదట గేజీ, తర్వాత ట్యాంకు నుంచి ముందుకు, అన్నిటికన్నా చివర పంపు.

ఉదాహరణకు రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ తీసుకుందాం. 100 హార్స్‌పవర్, రెండు కార్బురేటర్లు, గేర్‌బాక్స్ మీద డయాఫ్రం పంపు (లోపలి పలుచని పొర కదులుతూ పెట్రోలును తోసేది). దానికి తోడుగా చాలా విమానాల్లో ట్యాంకు వైపు ఒక ఎలక్ట్రిక్ పంపు. బెంగళూరు ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్) వారి చిన్న విమానం హంస-3లో ఉన్నది దీని తోబుట్టువు, టర్బో ఉన్న 914. దాని లెక్క వేరు, అక్కడ ఫ్యూయల్ ప్రెషర్ కార్బురేటర్లకు అందే గాలి ఒత్తిడిని బట్టి మారుతుంది. కాబట్టి కింద ఇచ్చిన అంకెలను ప్రతి ఇంజినుకూ అంటగట్టకండి. మీ ఇంజిను మాన్యువల్ చెప్పిందే ప్రమాణం.

ఇంకో మాట. గాల్లో ఉండగా ప్రెషర్ పడిపోతే అది పరిశోధనకు సమయం కాదు. ఎలక్ట్రిక్ పంపు వేయండి, పెట్రోలు ఉన్న రెండో ట్యాంకుకు మార్చండి, దగ్గరలో ఎక్కడ దిగగలరో చూసుకోండి. నేల మీదైనా సర్టిఫైడ్ విమానంలో గొట్టాలు విప్పడం, బిగించడం లైసెన్సు ఉన్న ఇంజినీరు చేయవలసిన పని. మీరు యజమాని అయితే ఈ వరస తెలిసి ఉండటం వల్ల ఆయనకు సరైన సమాచారం ఇవ్వగలుగుతారు, అనవసరమైన పంపు బిల్లూ తప్పుతుంది.

1. ముందు కాగితం మీద రాయండి

912 యూఎల్‌ఎస్‌కు ప్రెషర్ 0.15 నుంచి 0.4 బార్ మధ్య ఉండాలి, అంటే 2.2 నుంచి 5.8 పీఎస్‌ఐ. తర్వాత వచ్చిన కొన్ని పంపులకు పై హద్దు 0.5 బార్. ఇది ఎంత చిన్న ఒత్తిడో గమనించండి. బైకు టైరులో గాలి సుమారు 2 బార్. మన కింది హద్దు ఒకటిన్నర మీటరు ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడికి సమానం, అంతే. ఇంత చిన్న కొలతలో గేజీ కాస్త తప్పినా మనల్ని బెదరగొడుతుంది.

ముల్లు నిలకడగా తక్కువ చూపిస్తోందా, వణుకుతోందా, ఎక్కువ చూపిస్తోందా? ఏ ట్యాంకు మీద? పైకి ఎక్కుతున్నప్పుడా, ఎండలో నిలబడి ఉన్నప్పుడా? ఎలక్ట్రిక్ పంపు వేస్తే మారిందా? విప్పడం మొదలుపెట్టాక ఇవేవీ గుర్తుండవు. ముల్లు సున్నా దగ్గర ఉండి, ఇంజిను మాత్రం పూర్తి పవర్‌లో నిమిషాల తరబడి హాయిగా నడిచిందంటే అనుమానం గేజీ మీదే. కార్బురేటర్ గిన్నెల్లో ఉన్న కాస్త పెట్రోలుతో ఇంజిను అంతసేపు నడవదు.

2. గేజీని పరీక్షించండి

విమానాన్ని హ్యాంగర్ బయటికి తెచ్చి, చక్రాలకు అడ్డం పెట్టి, ఇగ్నిషన్ స్విచ్‌లు ఆపి, మంటలార్పే సిలిండర్ దగ్గర పెట్టుకోండి. సెన్సర్ ఉన్న చోట మూడు దారుల టీ-ఫిట్టింగ్ వేసి, 0–1 బార్ స్కేలు ఉన్న మంచి మెకానికల్ గేజీ తగిలించండి. రెండూ ఒకే అంకె చెబితే ముందుకు సాగండి. చెప్పకపోతే ఎర్త్ వైరు, కనెక్టర్, సెన్సర్, ఈ వరసలో చూడండి. సెన్సర్‌ను నేరుగా ఇంజినుకే బిగించి ఉంటే ఆ అదురుకు అది ఎక్కువ కాలం బతకదు. ఫైర్‌వాల్ (ఇంజినుకూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడ) మీదికి మార్చి, గొట్టంతో కలపడం మేలు. సెన్సర్ గొట్టం మొదట్లో సూదిమొనంత రంధ్రం ఉన్న ఫిట్టింగ్ ఉంటుంది. గొట్టం తెగినా పెట్రోలు ధారగా పోకుండా ఆపేది అదే. దానిలో నలక పడితే ముల్లు బద్ధకంగా కదులుతుంది.

3. ఎలక్ట్రిక్ పంపును సాక్షిగా పిలవండి

ఇంజిను ఆపి ఉంచి, మాస్టర్ స్విచ్ (విమానం కరెంటుకు మెయిన్ స్విచ్) వేసి, ఎలక్ట్రిక్ పంపు ఒక్కటే నడపండి. ప్రెషర్ సరిగ్గా వచ్చి, ఇంజిను పంపు మీద మాత్రమే నడిపినప్పుడు తగ్గిందా? అయితే ఇంజిను పంపో, దానికి ముందున్న గొట్టమో.

ఆ గొట్టమే అసలు మాయలమారి. ఇంజిను పంపు పెట్రోలును పీల్చుకుంటుంది. పీల్చే వైపు గొట్టానికి చిన్న పగులు ఉంటే బయటికి చుక్క కూడా రాదు, లోపలికి గాలి పోతుంది. చిల్లు పడిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు ఉంటుంది పంపు పని. ముల్లు వణకడానికి ఇది తరచుగా కనిపించే కారణం. పట్టుకోవడం తేలికే: ఎలక్ట్రిక్ పంపు నడుస్తుంటే అదే గొట్టంలో ఒత్తిడి లోపలి నుంచి బయటికి తోస్తుంది. అప్పుడు ప్రతి అతుకు చుట్టూ తెల్ల కాగితపు రుమాలు చుట్టి రెండు నిమిషాలు ఆగండి. కాగితం తడిసిన చోటే దొంగ. రబ్బరు గొట్టాలు ఐదేళ్లకు ఒకసారి మార్చాలని రోటాక్స్ ఊరికే చెప్పలేదు.

4. ట్యాంకు ఊపిరి, ఫిల్టరు, ధార

ట్యాంకు మూత తీసినప్పుడు గాలి బుస్సుమని లోపలికి పోతే వెంటు (ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టం) మూసుకుపోయిందని అర్థం. విమానం కొన్ని వారాలు కదలకపోతే కందిరీగలు ఆ సన్నటి గొట్టంలో మట్టిగూడు కడతాయి. తర్వాత ఫిల్టరు విప్పి, లోపలిది తెల్లటి గిన్నెలో వంచి చూడండి: రబ్బరు తునకలు, తుప్పు, నీటి బుడగలు.

ఇక ధార కొలవాలి. టేకాఫ్ పవర్‌లో ఈ ఇంజిను గంటకు 27 లీటర్లు తాగుతుంది. పంపుతో నడిచే వ్యవస్థ అందుకు 125 శాతం ఇవ్వగలగాలన్నది విమాన డిజైను నియమాల్లో ఉన్న కొలత. అంటే గంటకు 33.75 లీటర్లు, నిమిషానికి సుమారు 560 మిల్లీలీటర్లు. రెండు కార్బురేటర్ల గొట్టాలూ విప్పి ఒకే లోహపు డబ్బాలోకి పెట్టండి. స్థిరవిద్యుత్ నిప్పురవ్వ పుట్టకుండా డబ్బాను వైరుతో విమానం బాడీకి కలపండి. ఎలక్ట్రిక్ పంపు సరిగ్గా ఒక నిమిషం నడిపి కొలవండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే అది మిమ్మల్ని పొగుడుతుంది. అడుగున కొంచెం ఉన్నప్పుడే నిజం చెబుతుంది.

5. ఎండ

ఉదయం లేని జబ్బు మధ్యాహ్నం వస్తే పెట్రోలు గొట్టంలోనే ఆవిరవుతోందని అనుమానించండి. రిటర్న్ లైను ఉన్నది ఆ ఆవిరిని ట్యాంకుకు తిరిగి పంపడానికే. దానిలోని సన్నటి రంధ్రమున్న జెట్టు మూసుకుపోతే ఆవిరి నిలిచిపోతుంది, ఊడిపోతే ప్రెషరే నిలబడదు. బంకు పెట్రోలు వాడేవారు మరీ జాగ్రత్త. ఈ ఇంజినుకు రోటాక్స్ అనుమతించింది 10 శాతం ఇథనాల్ వరకే. మన దేశంలో ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది ఎక్కువగా 20 శాతం కలిపినది.

6. ప్రెషర్ ఎక్కువైతే

రెండు పంపులూ కలిసి నడిచినప్పుడే హద్దు దాటుతుంటే ఎలక్ట్రిక్ పంపు ఈ ఇంజినుకు తగినది కాదు. కార్బురేటర్ గిన్నెలో తేలే ఫ్లోట్లు పైకి లేచి, ఒక సూదితో పెట్రోలు దారిని మూస్తాయి. ఒత్తిడి ఎక్కువైతే పెట్రోలు ఆ సూదిని తోసుకుని కార్బురేటర్ పొంగుతుంది. ప్రెషర్ సరిగ్గా ఉండీ పొంగుతుంటే ఫ్లోట్లు తీసి తూచండి. జత బరువు 7 గ్రాములు మించితే అవి పెట్రోలు తాగేశాయి, మార్చాలి.

7. ఇప్పుడు పంపు

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే పంపు దగ్గరికి రండి. దాని డ్రెయిన్ రంధ్రం నుంచి పెట్రోలు చుక్కలు పడుతుంటే మాత్రం ఇంత వరస అక్కరలేదు. లోపల డయాఫ్రం చిరిగింది, వెంటనే మార్చండి.

ఏది సరిచేసినా, ఇంజిను బాగా వేడెక్కాక ఎండవేళే నేల మీద నడిపి చూడండి, మొదట ఎలక్ట్రిక్ పంపు ఆపి, తర్వాత వేసి. రెండు అంకెలూ, ఆ రోజు ఉష్ణోగ్రతా లాగ్‌బుక్‌లో రాయించండి.